ఎనిమిది వందల రూపాయల టీ ఎలా తాగాలి

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ మూడో ఫ్లోర్ అమ్మాయి సెప్టెంబర్‌లో చదువుకి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వెళ్తోంది. మొన్న లిఫ్ట్ దగ్గర పట్టుకుంది. "అక్కా, అక్కడ పల్లెటూళ్లకి వెళ్లి టీ తాగేదానివి కదా, ఫొటోలు పెట్టేదానివి. ఎలా వెళ్లాలి? ఎంతవుతుంది?" అని. కుక్కర్ ఎన్ని లీటర్లది పట్టుకెళ్లాలి, కందిపొడి ఎంత కట్టించుకోవాలి అని అడిగినవాళ్లు ఇప్పటికి పదిమంది ఉంటారు. ఈ ప్రశ్న అడిగింది మాత్రం ఈ పిల్ల ఒక్కతే. అంతలో లిఫ్ట్ వచ్చేసింది, సగమే చెప్పాను. మిగతాది ఇదిగో.

నేను 2022 సెప్టెంబర్ నుంచి ఏడాది చిల్లర అక్కడ మాస్టర్స్ చదివాను. వీసా రూల్ ప్రకారం క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ గంటల్లో ఎక్కువ భాగం శని, ఆదివారాల్లోనే పడతాయి. కాబట్టి ఈ టూర్‌కి మొదటి మెట్టు రైలు టికెట్ కాదు, షిఫ్ట్ మార్చుకోవడం. రెండు వారాల ముందే ఎవరితోనైనా మాట్లాడి పెట్టుకోండి. ముందురోజు రాత్రి మెసేజ్ పెడితే ఎవరూ ఒప్పుకోరు, మనమైనా ఒప్పుకోం.

తర్వాత పేర్ల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే డబ్బులు పోయేది అక్కడే. మెనూలో "ఆఫ్టర్‌నూన్ టీ" అని ఉంటే అది ఉత్త టీ కాదు, దాదాపు భోజనం. మూడంతస్తుల స్టాండ్ తెచ్చి పెడతారు. కింది పళ్లెంలో అంచులు కోసేసిన బుల్లి శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు (బన్నుల్లాంటి చిన్న గుండ్రటి రొట్టెలు), పైన కేకులు. కింది నుంచి మొదలుపెట్టి పైకి తింటూ పోతారు. చాలాచోట్ల ముందే బుక్ చేసుకోవాలి, మనిషికి 20 పౌండ్లు దాటడం మామూలే. "హై టీ" అంటే ఇంకా గొప్పదేమో అనుకుంటారు మనవాళ్లు. కాదు, అది ఒకప్పుడు ఫ్యాక్టరీ కూలీలు పని దిగి వచ్చాక మాంసం, రొట్టెతో కడుపు నిండా తినే సాయంత్రపు తిండి. స్టూడెంట్‌కి కావలసింది ఈ రెండూ కాదు. "క్రీమ్ టీ" అనేది ఇంకొకటి ఉంటుంది. రెండు స్కోన్లు, ఒక చిన్న గిన్నెలో జామ్, ఇంకో గిన్నెలో క్లాటెడ్ క్రీమ్ అనే చిక్కటి మీగడ, ఒక టీపాట్. అంతే. నేను 8 పౌండ్ల దగ్గర్లో తాగాను. అప్పటి రేటుకి మన లెక్కలో ఎనిమిది వందలు.

ఈ ఆఫ్టర్‌నూన్ టీ అలవాటు 1840ల్లో బెడ్‌ఫర్డ్ డచెస్, అంటే అక్కడి పెద్ద జమీందారు భార్య, ఆనాతో మొదలైందని చెప్తారు. రాత్రి భోజనం ఎనిమిదింటికి గానీ పెట్టేవారు కాదట, మధ్యలో ఆకలికి ఆగలేక టీ, రొట్టె గదికి తెప్పించుకునేదట. ఆకలేసి టీ తాగినందుకు చరిత్రలోకి ఎక్కింది మహాతల్లి! మన ఇళ్లల్లో నాలుగింటికి టీలో జంతికలు ముంచుకోవడం ఎవరు మొదలుపెట్టారో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక మొదటిసారి మేం చేసిన తప్పు. నలుగురం డిసెంబర్‌లో ఒక ఆదివారం బయల్దేరాం. లేవడమే పదకొండింటికి. పులిహోర కలిపి, డబ్బాలు కట్టి, ఒకమ్మాయి ఐలైనర్ అయ్యేసరికి రెండు దాటింది. ఊళ్లో దిగి, ఫొటోలు దిగి, టీ రూమ్ తలుపు తోసేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలుంది. లోపల కుర్చీలు బల్లల మీదికి ఎక్కించేసి ఉన్నాయి. చీపురు పట్టుకున్నావిడ ఎంతో మర్యాదగా, నిజంగా బాధపడుతూ, ఆర్డర్లు ఆపేశామని చెప్పింది. బయటికొచ్చేసరికి చీకటి. వైజాగ్‌లో డిసెంబర్‌లో కూడా ఐదున్నర దాకా వెలుతురుంటుంది కదా, ఆ అలవాటులో ఉన్నాం. అక్కడ ఆ నెలలో నాలుగు కాకముందే సూర్యుడు దిగిపోతాడు. మా కళ్ల ముందే రైలు వెళ్లిపోయింది. తర్వాతి రైలు గంటకి. ప్లాట్‌ఫారం మీద గ్లౌజులు తీయకుండా స్పూన్లతో పులిహోర తిన్నాం. చల్లటి పులిహోరలో నూనె గడ్డకట్టి పల్లీలకు అంటుకుపోయింది.

అందుకని లెక్క వెనక నుంచి వేయాలి. పల్లెటూరి టీ రూమ్‌లు చాలావరకు నాలుగు, నాలుగున్నరకల్లా మూసేస్తాయి. వంటగది అంతకు ముందే ఆగిపోతుంది. కాబట్టి రెండున్నరకల్లా బల్ల దగ్గర కూర్చోవాలి. అంతకు ముందు రెండు గంటలు నడక. అంటే పన్నెండుకి ఆ ఊళ్లో దిగాలి. తిరుగు రైలు ఏదో, అది తప్పితే తర్వాతది ఏదో బయల్దేరకముందే రాసుకోవాలి. ఆదివారం రైళ్లు, బస్సులు తక్కువ. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజు నుంచి సాయంత్రం అనేదే ఉండదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా వెళ్తే ఈ టెన్షన్ ఏదీ లేదు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురే.

ఎక్కడికి వెళ్లాలంటే, షెఫీల్డ్ వాళ్లకి నేను చెప్పేది ఒకటే దారి. షెఫీల్డ్ స్టేషన్‌లో హోప్ వ్యాలీ లైన్ రైలు ఎక్కి గ్రిండిల్‌ఫర్డ్‌లో దిగండి. అక్కడి నుంచి డెర్వెంట్ నది పక్కనే నడుచుకుంటూ హాథర్‌సేజ్ చేరండి. అక్కడ టీ తాగి, హాథర్‌సేజ్ స్టేషన్‌లో రైలెక్కి వెనక్కి రండి. నడక సుమారు 5 కిలోమీటర్లు, పెద్ద ఎత్తులేమీ ఉండవు. దిగేది ఒకచోట, ఎక్కేది ఒకచోట కాబట్టి నడిచిన దారిలోనే మళ్లీ వెనక్కి నడిచే పని లేదు. హాథర్‌సేజ్‌కి రిటర్న్ టికెట్ తీసుకుంటే సరిపోతుంది, గ్రిండిల్‌ఫర్డ్ దానికి ముందు స్టేషనే. "అడ్వాన్స్" టికెట్ మాత్రం కొనకండి. అది ఆ ఒక్క రైలుకే పనికొస్తుంది, టీ దగ్గర పావుగంట ఎక్కువ కూర్చుంటే టికెట్ వేస్ట్.

ఈ రైలు ఎక్కితే మన అరకు రైలు గుర్తుకు రాకపోతే అడగండి. మన కొత్తవలస-కిరండూల్ లైన్‌లో 58 సొరంగాలు, పిల్లలు ప్రతి సొరంగంలోనూ కేకలు. ఇక్కడ హాథర్‌సేజ్ దాకా ఉన్నది ఒక్కటే, టాట్లీ సొరంగం. కానీ అది ఐదున్నర కిలోమీటర్ల పైనే ఉంటుంది. 1893లో తెరిచారు. సొరంగం నోట్లోంచి బయటపడగానే గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్. ఊరి ఇటుక గోడలు చూస్తూ చీకట్లోకి వెళ్లినవాళ్లం చెట్ల మధ్యలో తేలతాం. రెండోసారి వెళ్లినప్పుడు మాలో ఒకడు అలవాటు కొద్దీ "ఓ..." అని అరిచాడు. పెట్టె మొత్తం నిశ్శబ్దం. ఎదురు సీట్లో మామ్మగారు పుస్తకం దించి, నవ్వి, మళ్లీ ఎత్తుకుంది.

టికెట్ డబ్బులు తగ్గించుకోవడానికి రెండు దారులున్నాయి. 16-25 రైల్‌కార్డ్ తీసుకుంటే మూడో వంతు తగ్గుతుంది. నేను 30 పౌండ్లకి కొన్నాను, 2025 మార్చి నుంచి 35 అయింది. 26 దాటినా ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే ఇస్తారు, పెళ్లయ్యాక చదువుకి వెళ్లేవాళ్లు ఇది గమనించుకోండి. మామూలు రోజుల్లో పొద్దున పది లోపు ఈ కార్డుకి కనీస చార్జీ అని ఒక మెలిక ఉంటుంది, శని, ఆదివారాల్లో ఉండదు. కార్డు లేకపోయినా ముగ్గురు నుంచి తొమ్మిది మంది కలిసి వెళ్తే గ్రూప్‌సేవ్ అని మూడో వంతు తగ్గింపు ఉంది. మనం ఎలాగూ ముగ్గురికి తక్కువ కదలం. బస్సులో వెళ్లాలనుకుంటే, నా టైమ్‌లో ఇంగ్లండ్ అంతటా చాలా బస్సుల్లో ఎంత దూరమైనా 2 పౌండ్లే, 2025 జనవరిలో దాన్ని 3 చేశారు.

షూస్ దగ్గర పిసినారితనం వద్దు. జగదాంబ జంక్షన్‌లో కొన్న తెల్ల షూస్ వేసుకెళ్లాను. సగం దారిలో ఎడమకాలి సోల్ నోరు తెరిచింది. మిగతా సగం జుట్టుకి పెట్టుకున్న రబ్బర్ బ్యాండ్ దానికి కట్టి నడిచాను. నది పక్క దారి చూడ్డానికి పచ్చగా ఉంటుంది, కాలేస్తే వరి మడే. వర్షం రెండు రోజుల క్రితం పడినా సరే. మడమ పైదాకా పట్టి ఉంచే, నీళ్లు లోపలికి రాని బూట్లు ఒక జత కొనుక్కోండి, చలికాలం మొత్తం పనికొస్తాయి. గొడుగు వద్దు. హుద్‌హుద్ చూసిన ఊరివాళ్లం, గాలి ముందు గొడుగు ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు. టోపీ ఉన్న రెయిన్ జాకెట్ చాలు.

దారి గురించి ఒక మాట. "పబ్లిక్ ఫుట్‌పాత్" అని చెక్క బోర్డు, పసుపు బాణం గుర్తు కనిపిస్తే అది ఎవరి పొలంలోంచి వెళ్తున్నా నడిచే హక్కు మనకుంది. మొదట్లో నాకు కాళ్లు ఆడలేదు. మన దగ్గర ఎవరి తోటలోకైనా ఇలా నడిచి వెళ్తే "ఎవలది?" అని కేక వినపడుతుంది కదా. అక్కడ రైతు ట్రాక్టర్ మీంచి చెయ్యి ఊపాడు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. మూసి ఉన్నది తీస్తే మళ్లీ మూయాలి, లేకపోతే గొర్రెలన్నీ రోడ్డు మీదే. దూడలతో ఉన్న ఆవుల దగ్గర సెల్ఫీలు పెట్టుకోకండి. అవి మన బీచ్ రోడ్డు ఆవుల్లా మనుషుల్ని చూసి చూసి విసుగెత్తినవి కావు, దూడ జోలికి వస్తారనుకుంటే మీద పడతాయి. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదనే అనుకోండి. టికెట్, మ్యాప్ రెండూ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఓ పది పౌండ్ల నోటు విడిగా దాచుకోండి.

ఈ ప్రాంతమంతా పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్, 1951లో బ్రిటన్‌లో మొట్టమొదట ప్రకటించిన నేషనల్ పార్క్ ఇదే. హాథర్‌సేజ్ చర్చి ఆవరణలో రాబిన్ హుడ్ అనుచరుడు లిటిల్ జాన్ సమాధి అని ఒకటి చూపిస్తారు. పది అడుగుల పైన పొడవుంటుంది. పేరేమో లిటిల్. టైముంటే చూడండి, టీ తర్వాత మాత్రమే.

టీ రూమ్ దగ్గరికి వచ్చాం. గుమ్మంలో పట్టా ఉంటుంది, బురద పూర్తిగా వదిలించుకుని లోపలికెళ్లండి. "కూర్చోబెట్టే దాకా ఆగండి" అని బోర్డు ఉంటే ఆగాలి, లేకపోతే బల్ల చూసుకుని కౌంటర్ దగ్గర ఆర్డర్ ఇవ్వాలి. బల్లల కింద కుక్కలుంటాయి, కంగారు పడకండి, వాటికీ నీళ్ల గిన్నెలు పెడతారు. ఆర్డర్ తీసుకున్నావిడ నన్ను "డక్" అంది. బాతు! నడక చూసి అందేమో అనుకున్నాను. ఆ ఊరున్న డార్బీషైర్ జిల్లా వాళ్లకి అది ముద్దు మాటట, మన పెద్దవాళ్లు ఎవరినైనా "అమ్మా, నాన్నా" అన్నట్టు. షెఫీల్డ్‌లో బస్ డ్రైవర్లు "లవ్" అంటారు, దానికీ ఉలిక్కిపడక్కర్లేదు. "టూ క్రీమ్ టీస్, ప్లీజ్" అంటే సరిపోతుంది. నలుగురు వెళ్తే నాలుగు చెప్పాల్సిన పని లేదు. రెండు క్రీమ్ టీలు, విడిగా ఇంకో రెండు టీలు చెప్పి స్కోన్లు తలా ఒకటి పంచుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు, మేం ప్రతిసారీ అదే చేశాం.

టీ గురించి ముందే చెప్తున్నాను, ఆశ పెట్టుకోకండి. పాలలో మరిగించి, అల్లం దంచి వేసిన టీ కాదది. వేడి నీళ్లలో ఆకు వేసి మూత పెట్టిన పాట్, పక్కన చిన్న జగ్గులో చల్లటి పాలు. తేగానే పోసేసుకుంటే గోరువెచ్చటి రంగు నీళ్లు. నాలుగు నిమిషాలు ఆగండి, నిజంగా ఫోన్ చూసి ఆగండి. "బ్రేక్‌ఫస్ట్ టీ" అడగండి, అది చిక్కగా ఉంటుంది. "ఎర్ల్ గ్రే" అంటే నారింజ తొక్క వాసన, కొందరికి నచ్చుతుంది, నాకు సబ్బు గుర్తొస్తుంది. పాట్‌లో సగం అయ్యాక వేడి నీళ్లు ఇంకొంచెం అడిగితే పోస్తారు, మాకెప్పుడూ దానికి డబ్బులు తీసుకోలేదు.

అసలు సంగతి క్రీమ్. చిన్న తెల్ల గిన్నెలో వస్తుంది, పైన పసుపు రంగు పొర, స్పూన్ గుచ్చితే ఆ పొర ముందు కాస్త ఎదురు తిరిగి, తర్వాత ముడతలు పడి విరుగుతుంది. కింద తెల్లగా, వెన్నకీ మీగడకీ మధ్యలో ఉంటుంది. నోట్లో పెట్టుకోగానే నాకు మా అమ్మమ్మ దాలి గుర్తొచ్చింది. పిడకల దాలిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగిన గేదె పాల మీద కట్టే మీగడ ఉంటుంది చూశారా, ఎర్రగా, మందంగా, అదే. ఆ పొగ వాసన ఒక్కటి తీసేయండి. చేసే పద్ధతీ దాదాపు అదే, వెడల్పు పళ్లాల్లో సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచి, కదపకుండా చల్లారనిస్తారు. కార్నిష్ (అంటే కార్న్‌వాల్ జిల్లా) క్లాటెడ్ క్రీమ్ అని పేరు పెట్టుకోవాలంటే కనీసం 55 శాతం కొవ్వు ఉండాలని రూల్. మా బ్యాచ్‌లో ఒకడికి ఇవేవీ తెలియక, పాల మీగడే కదా అని ఓ స్పూనుడు తీసి టీలో కలిపాడు. కరగలేదు. ముక్కలు ముక్కలుగా తేలి, చుట్టూ పసుపు నూనె బొట్లు. కప్పు మొత్తం అలాగే తాగాడు, ఎనిమిది పౌండ్లు కదా.

స్కోన్‌ని కత్తితో కోయక్కర్లేదు. నడుము దగ్గర ఒక పగులుంటుంది, అక్కడ పట్టుకుని తిప్పితే రెండుగా విడిపోతుంది. రెండు ముక్కల్నీ విడివిడిగా తినాలి, మళ్లీ మూత పెట్టి బర్గర్ చేయకూడదు. డెవన్ జిల్లాలో క్రీమ్ ముందు, పక్కనున్న కార్న్‌వాల్‌లో జామ్ ముందు అని వాళ్ల గొడవ వాళ్లకుంది. నా ఓటు జామ్‌కే. స్కోన్ వేడిగా ఉంటే ముందు వేసిన క్రీమ్ కరిగి చేతి మీదికి కారుతుంది.

శాకాహారులకి: స్కోన్లలో చాలాచోట్ల గుడ్డు కలుపుతారు, లేదా పైన పూస్తారు. "వెజిటేరియన్" అంటే వాళ్ల లెక్కలో గుడ్డు తినేవాళ్లే, కాబట్టి గుడ్డు సంగతి విడిగా అడగండి. జెల్లీ, మార్ష్‌మాలో ఉన్న కేకులు ముట్టకండి, మామూలుగా వాటిలో వేసే జెలటిన్ జంతువులది.

కేంబ్రిడ్జిలో సీటు వచ్చినవాళ్లకి రైలు కూడా అక్కర్లేదు. నది పక్క పచ్చిక మైదానాల్లోంచి ఓ మూడు కిలోమీటర్లు నడిస్తే గ్రాంట్‌చెస్టర్ అనే ఊరు. 1897లో కొందరు స్టూడెంట్లే అక్కడి ఇంటావిడని పూల చెట్ల కింద టీ ఇస్తావా అని అడిగారని, ఆ తోటలో టీ అలవాటు అలా మొదలైందని చెప్పుకుంటారు. మిగతా ఊళ్లవాళ్లు మీ స్టేషన్ నుంచి ముప్పావుగంటలో కొండల్లోకి వెళ్లే చిన్న లైన్ ఏదో వెతుక్కోండి. పెద్ద ఊరు కాకుండా దాని ముందు స్టేషన్‌లో దిగడం అలవాటు చేసుకోండి.

నెలాఖరు అయి చేతిలో డబ్బుల్లేకపోతే టీ రూమ్ మానేయండి, నడక మానకండి. సూపర్ మార్కెట్‌లో స్కోన్ల ప్యాకెట్, చిన్న డబ్బా క్లాటెడ్ క్రీమ్, జామ్ సీసా కొని, ఫ్లాస్కులో మన టీ పోసుకుని వెళ్లి నది ఒడ్డున బెంచీ మీద కూర్చోండి. నిజం చెప్పాలంటే నాకు గుర్తున్న మంచి టీ అదే, అల్లం వేసిందీ, వేడిగా ఉన్నదీ. ఫ్లాస్కు మాత్రం పూర్ణా మార్కెట్‌లో కొనుక్కుని వెళ్లండి, అక్కడ ధర చూస్తే టీ చేదవుతుంది.

తిరిగొచ్చే రైల్లో అమ్మకి వీడియో కాల్ చేయకండి. నేను చేశాను. ఆవిడది పార్వతీపురం వైపు. "ఏటే, ఎనిమిదొందలెట్టి టీ తాగీసినావా? అందులో ఏటేసినారు?" అని పెట్టె అంతా వినపడేట్టు అడిగింది. మీగడ అన్నాను. "మీగడకా?" అంది. ఆ తర్వాత కాసేపు నాన్నకి ఫోన్ ఇచ్చేసింది.

బ్యాగులో చిన్న స్టీలు డబ్బా ఒకటి పెట్టుకోండి. రెండో స్కోన్ సగం మిగులుతుంది, అడిగితే పేపర్ న్యాప్‌కిన్‌లో చుట్టి ఇస్తారు గానీ రైల్లో నలిగిపోతుంది. మర్నాడు పొద్దున పెనం మీద కాస్త నెయ్యి వేసి, కోసిన వైపు కిందికి పెట్టి ఎర్రగా కాల్చండి. జామ్ అయిపోతే బెల్లం ఆవకాయ ఉంటుంది కదా, నేను దాంతోనే తినేదాన్ని.